తిరగని గీత

మా పీహెచ్‌డీ గైడు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను ఖరగ్‌పూర్‌లో, ఇందా అనే పేటలోని బజారులో నల్లగుడ్డ బేరమాడుతున్నాను. అది ఆమె తెమ్మన్నదే. మేం చేస్తున్న కెమెరా పెట్టెలోకి ఎక్కడినుంచో వెలుతురు దూరుతోంది, మందం గుడ్డ చూసి తీసుకో అని ముందురోజే చెప్పారు. ఫోన్‌లో ఆమె తమ్ముడు. "అక్క పోయిందమ్మా. టీ తాగి కుర్చీలో కూకుంది, మరి లెగలేదు" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పని సగంలో ఉంది.

ఆమె ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. శ్రీకాకుళం నుంచి వచ్చిన తండ్రి వర్క్‌షాపులో వెల్డరు. కూతురు ఈ ఊళ్లోనే ఇంజనీరింగ్ సంస్థలో ప్రొఫెసరయ్యారు. ఇంగ్లీషులో పాఠం చెప్పేవారు, బెంగాలీలో చేపలు బేరమాడేవారు, నన్ను మాత్రం సిక్కోలు మాటల్లో తిట్టేవారు. వరంగల్ నుంచి వచ్చిన నాకు సగం తిట్లు అర్థమయ్యేవి కావు.

రైలు పట్టాల అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లను ఎక్స్‌రేతో చూసే చిన్న కెమెరా చేయాలన్నది ఆమె పట్టుదల. "మా నాన్న ఎన్ని అతుకులేసినాడో! లోపలెలాగున్నాదో సూసుకోడానికి మాత్రం దారి లేకపోయింది" అనేవారు.

ఎక్స్‌రే తగిలితే సన్నగా వెలిగే సింటిలేటర్ షీటు, ఆ వెలుగును బొమ్మగా పట్టే సెన్సరు. చెప్పడానికి ఇంతే. రెంటి మధ్యా వెంట్రుకంత గాలి మిగిలినా బొమ్మ అలుక్కుపోతుంది. ఒక షీటు ఈ ఊరి వానాకాలానికి చెమ్మ పీల్చి పాడైంది. ఇంకోదాని కింద బుడగ. విప్పడం, తుడవడం, బిగించడం, మళ్లీ విప్పడం. విసుగొచ్చి నేను స్క్రూడ్రైవరు బల్లమీద విసిరితే, "దాని మీద కోపమేటే? టీ తాగొచ్చి మళ్లీ విప్పు" అనేవారు. తన టీలో బిస్కెట్ ముంచి, సెన్సరు చూస్తూ మరిచిపోయేవారు. అది కరిగి కప్పు అడుక్కి చేరేది.

కిందటి చలికాలం, మా పనికి డబ్బిచ్చే సంస్థవాళ్లు చూడటానికి వచ్చారు. తెరమీద పట్టా అతుకు మధ్య సన్నటి గీత కనిపించింది. పగులు! వాళ్లు సంబరంగా ఫొటోలు తీసుకున్నారు. ఆమె ఒక్కరే మొహం చిట్లించారు.

"పట్టా ముక్కని అడ్డంగా తిప్పి పెట్టు."

"వాళ్లు పోయినంక చూద్దాం మేడమ్" అని గొణిగాను.

"ఇప్పుడే తిప్పు."

తిప్పి మళ్లీ బొమ్మ తీశాను. అతుకు తిరిగింది. గీత ఉన్నచోటే ఉంది. అంటే అది పట్టాలోది కాదు, మా షీటు మీదిది. ఆ మాట ఆమే వాళ్లతో చెప్పేశారు. మా దగ్గర ఇంకా ఫలితమేదీ లేదని కూడా చెప్పారు. వాళ్లు మర్యాదగా టీ తాగి వెళ్లారు. గ్రాంటు పొడిగింపు రాలేదు. నా తోటి విద్యార్థి విసిగిపోయి ఇండస్ట్రియల్ పార్కులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

"ఒక్క గంట ఆగి చెప్తే ఏమైతుండె మేడమ్?" అని అడిగేశాను.

"లేని పగులు సూపించినాక, రేపు ఉన్న పగులు సూపిస్తే ఎవులు నమ్ముతారే?"

ఆ జవాబు సరైనదే. అయినా నా ఉక్రోషం ఆరోజు చల్లారలేదు, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. బొమ్మను నమ్మేముందు అనుమానించడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఎప్పుడో అడిగిన కొత్త షీటు ఆమె పోయాక వచ్చింది, ఆమె పేరు మీద. స్టోర్సు చూసే బెంగాలీ దాదా "మేడమ్ వచ్చి సంతకం పెట్టాలి" అనబోయి, సగంలో ఆగి, పెట్టె నా చేతుల్లో పెట్టాడు. ఒక్కదాన్నే కూర్చుని అతికించాను. వంకర వచ్చింది. బుడగ వచ్చింది. తిట్టుకుంటూ విప్పి మళ్లీ బిగించాను.

చివరికి కుదిరింది. పట్టా ముక్క పెట్టకుండా, ముందు ఒట్టి షీటుకే ఎక్స్‌రే ఇచ్చి చూశాను. తెరంతా, వాన పడబోయే ముందు ఆకాశంలా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే బూడిదరంగు. ఎక్కడా మరక లేదు, గీత లేదు. ఆ ఖాళీ తెరను ఆపబుద్ధి కాలేదు.