సత్తెమ్మ పొయ్యి

మా ప్రహరీ గోడ మీద ఎర్ర ఎనామిల్ రంగు వాసన ఇంకా పోలేదు. మొన్న మంగళవారం ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద వచ్చి, మాటా పలుకూ లేకుండా గేటు పక్కన గోడకి ఒక బాణం గుర్తు వేసి, దాని కింద ఏదో నంబరు రాసి, డబ్బాకి మూత పెట్టుకుంటూ "ఇక్కడిదాకా పోతుందండి, రోడ్డు వెడల్పు చేస్తున్నారు కదండీ" అన్నారు. "గోడ మాది, రంగు మీది. పోయేది ఎవరిదో అది కూడా చెప్పి వెళ్ళండి" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయారు. నాతో రెండు మాటలు మాట్లాడినవాళ్ళు సాధారణంగా అలాగే వెళ్ళిపోతారు, దానికి అలవాటు పడ్డాను. అలవాటు పడలేనిది ఆ వాసనకే. ఇదే నేల మీద ఇదే రంగు వాసన నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి తగిలింది. అప్పుడు రంగు పూసింది గోడకి కాదు, మా తాతయ్య కొబ్బరి చెట్ల మొదళ్ళకి.

అప్పటికి ఈ రోడ్డు లేదు, కాలువ మీద వంతెనా లేదు. అవతలి గట్టుకి వెళ్ళాలంటే బల్లకట్టు ఎక్కాలి. దాని మీద సైకిళ్ళూ, పాల బిందెలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ, పెళ్ళివారి ట్రంకు పెట్టెలూ, మా హైస్కూలు మేష్టారి గొడుగూ అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే, అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని లాక్కుంటూ వెళ్ళేవాళ్ళం. వేసవిలో దాళ్వా వరి కోతలు అయిపోయి కాలువలకి నీళ్ళు కట్టేశారంటే మాకు పండగ. అడుగున మిగిలిన మడుగుల్లో మోకాళ్ళ దాకా బురదలో దిగి, తువ్వాలుతో కొరమేను పిల్లల్ని పట్టి, మళ్ళీ వదిలేసి, ఎండకి పెచ్చులు లేచిన ఒండ్రు మట్టితో పలకలు చేసుకుని, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవకాయ కోసం ఎండబెట్టిన ఆవపిండి ఘాటుకి తుమ్మి తుమ్మి తన్నులు తినేవాళ్ళం. నాన్నకి రాజమండ్రిలో ఉద్యోగం, అమ్మ అక్కడే. నేను మాత్రం తాతయ్యా మామ్మల దగ్గరే ఉండి చదువుకున్నాను. చదువు కంటే నోరు ముందు వచ్చిందని మామ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

కాలువ గట్టుని ఆనుకుని మా కొబ్బరితోట. తోట చివర సత్తెమ్మ పాక. సత్తెమ్మ ఊళ్ళో పుట్టిన పిల్లలకి నీళ్ళు పోసే మనిషి. మా నాన్న పుట్టినప్పుడు మా ఇంటికి వచ్చిందట. అప్పుడు తాతయ్య "ఆ చివర ఓ పాక వేసుకోవే" అన్నాడు, వేసుకుంది. అంతే, కాగితం లేదు, కరణం లేడు. ముప్ఫై ఏళ్ళకి నేను పుడితే నాకూ ఆమే నీళ్ళు పోసింది. బారజాపిన కాళ్ళ మీద పసివాళ్ళని బోర్లా పడుకోబెట్టుకుని, వెచ్చటి ఆముదం వీపంతా రాసి, సున్నిపిండితో నలిచి, ఒక చేత్తో చెంబు ఎత్తి పోస్తూ రెండో చెయ్యి పిల్ల కళ్ళకి అడ్డం పెట్టేది. ఆమె దగ్గరికి వెళ్తే ఆముదం, సాంబ్రాణి, కాలిన కొబ్బరి డొక్కలు కలిసిన వాసన వచ్చేది. నిద్రొచ్చే వాసన.

ఆ పాకలో చెప్పుకోదగ్గది పొయ్యి ఒక్కటే. మిగతావి ఒక తాటాకు చాప, మూల చెక్కిన అద్దం, ఉప్పు జాడీ, ఆముదం సీసా. పొయ్యిని మాత్రం ప్రతి శుక్రవారం ఎర్రమట్టితో అలికి, అంచున సన్నటి ముగ్గు గీత వేసేది. చలికాలం ఆ నివురులో తేగలు కాల్చి పెట్టేది, వానాకాలం పనసగింజలు. ఆ గుమ్మంలోనే మేం లక్కపిడతలు పరుచుకుని గుజ్జనగూళ్ళు ఆడేవాళ్ళం. ఇటికపొడి కారం, ఇసక పంచదార, మందారాకు కూర. పిలిచి విస్తరి వేస్తే సత్తెమ్మ వచ్చి కూర్చుని, నిజంగా నమిలినట్టు దవడలాడించి "ఉప్పెక్కువైందమ్మా బుజ్జమ్మా" అనేది. మా ఆటలో విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి ఆమె ఒక్కతే. అసలు పొయ్యి జోలికి మాత్రం వెళ్ళనిచ్చేది కాదు. "ఇది ఆట కాదు, కాలుద్ది" అనేది.

వంతెన వస్తుందన్న కబురు ఆ వేసవిలో వచ్చింది. రోడ్లు వద్దు, వంతెనలు వద్దు, పాత రోజులే బాగుండేవి అని కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు నేను, ముందే చెప్తున్నాను. వరదల్లో బల్లకట్టు ఆగిపోతే నొప్పులు పడుతున్న మనిషిని గట్టు మీద గోనెపట్టా కింద కూర్చోబెట్టి వాన వెలిసేదాకా చూడడం నాకు తెలుసు. అలాంటప్పుడు గొడుగు పట్టుకుని పక్కన కూర్చునేది సత్తెమ్మే. "వంతెనంటూ వత్తే నేను మొక్కు తీర్చుకుంటానండి" అని అందరికంటే ముందు అన్నది కూడా ఆమే.

నోటీసు వచ్చాక మా ఇంట్లో గాలి మారిపోయింది. వంతెన నుంచి దిగే రోడ్డు మా తోటలోంచి పోతుందని తేలింది. తాతయ్య వెలిగించిన చుట్ట వేళ్ళ మధ్యే ఆరిపోతుండేది. సాయంత్రాలు అరుగు మీద చేరిన పెద్దలు గొంతు తగ్గించి ఒకటే మాట అనేవారు: "పాకలో మనిషి ఉన్నట్టు రాశారో, రేపు మిగిలిన తోట కూడా నాదంటుంది. చట్టాలన్నీ వాళ్ళవైపే ఉన్నాయండి." సత్తెమ్మ అలా అనే మనిషి కాదని తాతయ్యకి తెలుసు. తెలిసినా, రోజూ నలుగురు చెప్తుంటే ఆయన కంటికి ఆమె ముఖం మారిపోతూ వచ్చింది. అప్పటిదాకా "సత్తెమ్మ" అనేవాడు కాస్తా "ఆ మనిషి" అనడం మొదలుపెట్టాడు.

కొలతల రోజు పొద్దున్నే మామ్మ సత్తెమ్మని పిలిపించింది. "ఆఫీసర్లు భోజనానికుంటారే, గారెలకి పిండి రుబ్బాలి. ఇవాళంతా ఇక్కడే ఉండు" అంది. "ఆయ్, ఉంటానండి" అని సత్తెమ్మ చేతులు కడుక్కుని పెరట్లో రోలు ముందు కూర్చుంది. ఇంటికి ఎవరొచ్చినా, మన నేల కొలుచుకుపోవడానికి వచ్చినా సరే, విస్తరి వెయ్యకుండా పంపితే మా గోదావరి వాళ్ళకి పరువు తక్కువ. ఆ మర్యాదని నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను. ఎందుకంటే ఆ రోజు దాని అడుగున ఏం దాచారో నేను చూశాను, నేనే మోశాను.

మామ్మ నన్ను వసారాలోకి లాగి, "పాకలో దాని సామాన్లు తెచ్చి మన గాదె వెనక పెట్టు. వాళ్ళు కాళ్ళతో తొక్కేస్తారు, పాపం" అంది. చాప తెచ్చాను. అద్దం తెచ్చాను, దారిలో ముఖం చూసుకున్నాను. ఉప్పు జాడీ, ఆముదం సీసా తెచ్చాను. నేను మూడోసారి వెళ్ళేసరికి పాలేరు కొబ్బరికాయలు బుట్టలతో తెచ్చి పాక నిండా గుమ్మరిస్తున్నాడు. పొయ్యి ఒక్కటే ఎవరూ మొయ్యలేనిది. దాని ముందు కాయలు పేర్చాడు.

పది దాటాక వచ్చారు. సర్వేయరు గారు లావుపాటి మనిషి, చెవి వెనక పెన్సిలు. ఆయన మనిషి ఒకడు ఇనప గొలుసు ఈడ్చుకుంటూ, రంగు డబ్బా పట్టుకుని. గొలుసు చెట్ల మధ్య గలగలమని పాకుతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఒక్కో చెట్టు మొదట్లో ఎర్ర పట్టీ పడుతుంటే తాతయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. చివరికి పాక దగ్గరికి వచ్చారు.

"ఇదేంటండీ?"

"కాయలు వేసుకునే పాకండి" అన్నాడు తాతయ్య.

సర్వేయరు గారు వంగి లోపలికి వెళ్ళాడు. బూటు ముందుభాగంతో రెండు కాయలు దొర్లించాడు. వెనక అలికిన పొయ్యి, సన్నటి ముగ్గు గీత కనిపించాయి. బూడిద కదిపితే నిప్పు ఒకటి ఎర్రగా కన్ను తెరిచింది.

"కొబ్బరికాయలకి పొయ్యెందుకండీ?"

ఎంతటి వాళ్ళతోనైనా వాదించగల మా తాతయ్య మొలలో చుట్ట కోసం తడుముకున్నాడు. గట్టు మీద జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళల్లో సత్తెమ్మ చేతుల మీద నీళ్ళు పోయించుకోనివాళ్ళు ఎంతమంది? ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పింది నేను.

"అది మాదండీ. మేం గుజ్జనగూళ్ళు ఆడుకుంటాం. పొద్దున్న పప్పు వండేం."

"పప్పా! ఉప్పు సరిపోయిందా?"

"మీరొస్తారని తగ్గించి వేశామండి."

అందరూ పగలబడి నవ్వారు. సర్వేయరు గారు చెవి వెనక పెన్సిలు తీసి, రాస్తూ రాస్తూ పైకే చదివాడు: "కాయల పాక. నివాసం లేదు." తాతయ్య నా తల మీద చెయ్యి వేసి "మా మనవరాలు లాయరవుతుందండి" అన్నాడు.

మధ్యాహ్నం గారెలు బ్రహ్మాండంగా కుదిరాయని సర్వేయరు గారు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. పెరట్లోంచి అది విన్న సత్తెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ మురిసిపోయింది. సాయంత్రం ఆమె పాకకి వెళ్ళేసరికి కాయలు తీసేసి, సామాన్లన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాం.

తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుసు అంటారేమో. మా ఆయన ఇప్పటికీ అదే అంటాడు. తెలుసు. నివురు వేడి నాకు తెలుసు, అద్దం ఎవరిదో తెలుసు, ఆ రోజు పొద్దున్న నేను పప్పు వండలేదని తెలుసు. నలుగురూ నవ్వుతుంటే కలిగిన గర్వం కూడా ఇంకా గుర్తుంది. అందుకే నన్ను ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు.

చెట్లు కొట్టేవాళ్ళు దసరా వెళ్ళాక వచ్చారు. అప్పుడు గానీ సత్తెమ్మకి పాక కూడా పోతుందని అర్థం కాలేదు. ఇళ్ళు పోయినవాళ్ళకి ఊరి చివర స్థలం ఇస్తున్నారని విని, కొత్త చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా కాగితాలు తిరగేసి, "అది కాయల పాకంట కదమ్మా, పొయ్యి పిల్లలు ఆడుకునేదంట, ఆ ఇంటి పాపే చెప్పిందంట" అన్నాడట. ఎండలో నడిచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. తాతయ్య అరుగు మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మామ్మ "మా పశువుల కొట్టం పక్కన ఓ గది వేయిస్తాను, ఉందువుగాని" అంది.

"వద్దండి అమ్మగారండి" అంది సత్తెమ్మ. నా వైపు తిరిగింది. కోపం ఉంటుందనుకుని మామ్మ కొంగు పట్టుకున్నాను. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"నా పొయ్యి మీద నువ్వేం వండేవు బుజ్జమ్మా?"



చాపా అద్దం చంకన పెట్టుకుని ఉప్పాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. చెల్లెలి ఇల్లు కూడా తర్వాత సముద్రంలో కలిసిందని విన్నాను. నిజమో కాదో కనుక్కోలేదు. కనుక్కోవడానికి ఉప్పాడ ఎంత దూరం? కారు ఎక్కితే పూట పట్టదు. ఈ వంతెన మీంచే వెళ్ళాలి.

ప్రభుత్వం మా తోట తీసుకుందని మా ఇంట్లో ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నారు, నేనూ కాలేజీలో పిల్లలకి పాఠం చెప్తూ చాలాసార్లు చెప్పాను. తీసుకున్న మాట నిజం. మాకు నోటీసు ఇచ్చింది, కొలిచింది, ఎంతో కొంత చేతిలో పెట్టింది. సత్తెమ్మ దగ్గర తీసుకున్నది మాత్రం మేం. మేం నోటీసు కూడా ఇవ్వలేదు, గారెలకి పిండి రుబ్బించుకున్నాం.

ఇప్పుడు మళ్ళీ కొలతలు. రేపు పొద్దున్న పదింటికి. తోట వాటాలో నాకొచ్చిన ఈ ముక్కలో మేం ఇల్లు కట్టుకున్నాం, రోడ్డు వైపు రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో పార్వతి ముందు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, వెనక వండుకుంటుంది, అక్కడే పడుకుంటుంది. ఎనిమిదేళ్ళయింది, కాగితం లేదు. నిన్న మా ఆయన ఆమెని పిలిచి "రెండు రోజులు మీ అమ్మ దగ్గరికి వెళ్ళిరా పార్వతీ, ఇక్కడ దుమ్ము" అన్నాడు. తర్వాత నాతో "షెడ్డు ఖాళీ అని చెప్దాం. ఉన్నారని రాయిస్తే మిగిలిన స్థలంలోంచి లేవరు" అన్నాడు. మా తాతయ్యని ఆయన ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం అచ్చం అదే.

"పెళ్ళానికి నోరుందని తెలిసీ ఈ మాట అన్నారంటే మీ ధైర్యమే ధైర్యం" అన్నాను. నిన్నటి నుంచి మాటల్లేవు.

పార్వతితో చెప్పాను, వెళ్ళొద్దు, రేపు తొమ్మిదిన్నరకే ఎసరు పెట్టు అని. ఆమె తల దించుకుని "సారు వెళ్ళమన్నారు, మీరు ఉండమంటున్నారు. రేపు మీరిద్దరూ ఒకటైపోతారండి. నేనేమైపోవాలండి?" అంది. తప్పుపట్టలేను. మా ఇంటి మాట మీద నమ్మకం పెట్టుకోమని ఎవరికి చెప్పగలను?

ఆ తోట లేదు, బల్లకట్టు లేదు. లక్కపిడతలు ఎగ్జిబిషన్లో అద్దాల బీరువాల కోసం కొంటున్నారు, వాటితో వండే పిల్లలు లేరు. పసివాళ్ళకి కాళ్ళ మీద నీళ్ళు పోసేవాళ్ళూ లేరు. సత్తెమ్మ పొయ్యి ఉన్న చోటు వంతెన దిగగానే ఎడమ పక్కన, తారు కింద ఉంది. లారీలు అక్కడ గేరు మారుస్తాయి.

ఇందాక సాయంత్రం గేటు వెయ్యడానికి వెళ్తే షెడ్డు గుమ్మంలో రెండు సంచులు కట్టి ఉన్నాయి. ఒకదాంట్లోంచి అద్దం అంచు కనిపిస్తోంది. పార్వతి బస్సు టైము కనుక్కోవడానికి వెళ్ళినట్టుంది. ఎర్ర రంగు వాసన అక్కడ ఇంకా గుప్పున వస్తోంది. వరండాలోంచి మా ఆయన చూస్తూనే ఉన్నాడు. నేను ఒక్కొక్క సంచీ ఎత్తి లోపలికి మోశాను. అద్దం తీసి మేకుకి తగిలించాను. పొయ్యి పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసుకుని కూర్చున్నాను, పార్వతి వచ్చేదాకా లేవనని.