కార్డులో ఉన్నావిడ

మా పెద్దమ్మ జీవితంలో మొదటిసారి ఫోటో దిగింది ఓటరు కార్డు కోసం. తొంభైల మధ్యలో అనుకుంటాను. తమిళనాడులో కోవిల్‌పట్టికీ ఏళాయిరంపన్నైకీ నడుమ ఉన్న మా నల్లరేగడి ఊళ్లో, బడిగోడకు తెల్లగుడ్డ కట్టి, ముందొక కుర్చీ వేసి, ఊరంతటినీ వరసలో నిలబెట్టారు. పెద్దమ్మకు పెళ్లినాడు కూడా ఫోటో తీయలేదు. రెండు ముక్కుపుడకలూ కొంగుతో తుడుచుకుని, బొట్టు సరిచేసుకుని కూర్చుంది. ఫోటో తీసేవాడు నవ్వొద్దన్నాడట.

"వాడు నవ్వొద్దు అనంగానే నాకు నవ్వొచ్చేసె పాపా. ఏం చేసేది?" అని నాతో చెప్పి మళ్లీ నవ్వింది.

కార్డులు వచ్చాక చూస్తే ఊరివాళ్లందరూ పోలీసులకు దొరికిన దొంగల్లా ఉన్నారు. పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్న పెద్దమ్మ ఒక్కతే మనిషిలా ఉంది.

ఆమె మా అమ్మకు అక్క. పక్కిల్లే. పిల్లలు లేరు కాబట్టి నేను సగం ఆ ఇంట్లోనే పెరిగాను. పెద్దనాయన పత్తి వేసేవాడు. మాట తక్కువ మనిషి. వరసగా వానలు ఎగ్గొట్టి చేను బీడు పడ్డప్పుడు పెద్దమ్మ పటాసుల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కింది. సొంత భూమి ఉన్న ఇంటి ఆడది కూలికి పోవడమేమిటని బంధువులు మూతులు తిప్పారు. పెద్దనాయనకూ ఇష్టం లేదు, కానీ వద్దనలేకపోయాడు. టపాకాయలకు ఒత్తులు దూర్చే పని. సాయంత్రం వ్యాను దిగేసరికి ఆమె వేళ్లు వెండిపూత పూసినట్టు మెరిసేవి. చింతపండుతో తోమినా ఆ మందు పొడి వదిలేది కాదు.

నేను కోవిల్‌పట్టి కాలేజీలో చదువుతున్న రోజుల్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఫ్యాక్టరీ పేలింది. మా వైపు ఆ చప్పుడు ఎవరికీ కొత్త కాదు. వినగానే ఏ ఇంట్లోంచి ఎవరు పనికి పోయారోనని అందరూ వీధిలోకి వస్తారు. పక్కగదిలో మందు కలుపుతున్నవాళ్లెవరూ మిగల్లేదు. పెద్దమ్మ మిగిలింది.

విరుదునగర్ ఆసుపత్రిలో కొన్నాళ్లు, మదురైలో కొన్ని నెలలు పెట్టి ఇంటికి తెచ్చారు. కాలిన చర్మం మానుతూ మానుతూ ముడుచుకుపోయి గడ్డాన్ని గుండెకేసి లాగేసింది. ఇక తల ఎత్తలేకపోయేది. కింది పెదవి ఎప్పుడూ తెరుచుకునే ఉండేది. కుడిచేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని పిడికిలైపోయాయి. ఎడమచేతి వేళ్లు విడిగానే ఉన్నా, వాటి చర్మం నూనె కాగితంలా నున్నగా తయారైంది.

పెద్దనాయన ఆమెకు అన్నీ చేశాడు. నీళ్లు పోశాడు, చీర కట్టాడు, వెనక కూర్చుని తల దువ్వి జడ వేశాడు. కానీ ఆమె ఎదుటికి రాడు. అన్నం కలిపి మా అమ్మ చేతికిచ్చి తాను వాకిట్లోకి పోయేవాడు. మాట్లాడితే దూలం వైపో గోడ వైపో చూస్తూ మాట్లాడేవాడు. ఇది మా అందరికీ కనబడేది.

రెండువేల తొమ్మిదిలో ప్రభుత్వం పేదలకు వైద్య బీమా కార్డు ఇస్తుందని దండోరా వేశారు. ఫోటో, వేలిముద్ర కంప్యూటర్లో ఎక్కిస్తే పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కూడా ఆపరేషన్ ఉచితమట. మెడ దగ్గర చర్మం కోసి కొత్తది వేస్తే తల లేస్తుందని మదురై డాక్టరు ఎప్పుడో అని ఉన్నాడు. అప్పటికి నేను విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు ఆఫీసులో పని చేస్తున్నాను. సెలవు పెట్టి వచ్చి పెద్దమ్మను బడి దగ్గరికి తీసుకెళ్లాను.

కంప్యూటర్ ముందున్న అబ్బాయి ఓటరు కార్డు చూసి, కొంగు కప్పుకున్న పెద్దమ్మను చూసి, తమిళంలో నన్నడిగాడు: "ఈ కార్డులో ఉన్నావిడ రాలేదా?"

పెద్దమ్మ కొంగు తీసింది. "నాన్ దాన్," అంది. నేనే.

ఆ అబ్బాయి సారీ చెప్పాడు. కెమెరాకు ముఖం అందడం లేదని దాన్ని స్టాండు నుంచి ఊడదీసి, ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని కిందినుంచి ఫోటో తీశాడు. వేలిముద్ర దగ్గర మాత్రం వాడి మంచితనం కూడా పనికిరాలేదు. కుడిచెయ్యి యంత్రం మీద ఆనదు. ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే తుడిచి, నొక్కి, మళ్లీ తుడిచి నొక్కాడు. గీత ఒక్కటీ పడలేదు. అది లేనిదే కంప్యూటర్ ముందుకు పోదని, విరుదునగర్ కలెక్టర్ ఆఫీసుకు వెళ్లమని చెప్పాడు.

వెళ్లాం. చేతులు కాలినట్టు డాక్టరు రాసివ్వాలన్నారు. ఆ చేతులు వాళ్ల బల్లమీదే ఉన్నాయి. ఆసుపత్రికి పోతే, గుర్తింపు కార్డులో ముఖం వేరేలా ఉంది, ఈ మనిషి ఆ మనిషేనని గ్రామాధికారి చెప్పాలన్నారు. గ్రామాధికారి కొత్తగా వచ్చినవాడు, మా ఊరివాడు కాదు. భర్తను పిలుచుకు రమ్మన్నాడు.

పెద్దనాయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గ్రామాధికారి ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు.

"ఈమె మీ భార్యేనా?"

"అవును సార్," అన్నాడు పెద్దనాయన, కిటికీ వైపు చూస్తూ.

"అటు కాదయ్యా. మనిషిని చూసి చెప్పు. రేపు నన్నడుగుతారు."

పెద్దనాయన తిరిగాడు. ఆమె తల ఎత్తలేకపోవడంతో తానే వంగాల్సి వచ్చింది. మోకాళ్లమీద చేతులు ఆనించి, వంగి, పెద్దమ్మ ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. గ్రామాధికారి పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చివరికి పెద్దనాయన తమిళం మరిచిపోయి మా ఇంటి తెలుగులోనే, "నా పెండ్లామే," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దమ్మ నా పక్కన కూర్చుని అంది: "ఇన్నేండ్లకు ఈ పొద్దు ఆయన నా ముకం చూసినారు పాపా. ఎవుడో ఆపీసరు చెప్పితే చూసినారు."

సంతోషమో బాధో ఆ గొంతులో నాకు తెలియలేదు. ముఖం చూసి తెలుసుకునే వీలు లేదు.

ఇంకా చాలాసార్లు తిరిగాక కార్డు వచ్చింది. ముగ్గురం మదురై వెళ్లాం. పెద్ద ఆసుపత్రి, చల్లటి హాలు. బీమా బల్ల దగ్గర కూర్చున్నామె కార్డు యంత్రంలో పెట్టి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, మెల్లగా చెప్పింది. ఇది పాత గాయమట. ప్రాణానికి ప్రమాదం లేదట. అందం కోసం చేసే ఆపరేషన్ల కిందికి వస్తుందట, బీమాలో లేదట.

"అందం కోసమా?" అన్నాను. నా గొంతు పెద్దదైంది. "ఆమె అన్నం మింగలేకపోతోంది. ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో తెలుసా మీకు?"

బల్ల దగ్గరున్నామె తల దించుకుంది. పెద్దమ్మ నా చెయ్యి లాగింది.

"వొద్దు పాపా. ఆ బిడ్డ ఏం చేస్తది? రా, పోదాము."

తిరుగు బస్సు విరుదునగర్‌లో ఆగింది. పొద్దున్నుంచి ఎవరమూ తినలేదు. స్టాండు ఎదుట హోటల్లో నూనె పరోటాలు వేగుతున్నాయి. పెద్దమ్మ మామూలుగా నలుగురిలో తినదు. ఆ రోజు మాత్రం, "నాకు ఆకలయితా ఉండాది," అంది.

లోపలికి వెళ్లి కూర్చున్నాం. చుట్టుపక్కల మాటలు ఆగిపోయాయి. పెద్దనాయన కుర్చీ ఆమె ఎదురుగా లాక్కున్నాడు. పరోటా చిన్న ముక్కలుగా తుంచి, సాల్నా పులుసు పోసి మెత్తగా పిసికి, వంగి, ఆమె నోట్లో పెట్టాడు. జారిన పులుసు తన తుండుగుడ్డతో తుడిచాడు. మరో ముక్క పెట్టాడు.

"కారముండాదా?" అని అడిగాడు.

"కొంచిం," అంది పెద్దమ్మ.

ఆమె మెడ ఎప్పటికీ లేవలేదు. కొన్నేళ్ల తర్వాత చలికాలంలో ఊపిరితిత్తులకు నెమ్ము చేరి, పెద్దమ్మ పోయింది. అన్నాళ్లూ రెండుపూటలా అన్నం ఆయనే తినిపించాడు. మా అమ్మను పిలవలేదు.