గురువారం అక్క

కుట్టు దుకాణంలో మా అక్కని అందరూ మాస్టరక్క అనేవారు. ఇరవై రెండేళ్ళు కత్తిరింపు బల్ల దగ్గరే నిలబడింది. సుద్దముక్కతో ఒకసారి గీసిందంటే మళ్ళీ చెరపడమన్న మాటే లేదు. తన కత్తెర ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకునేది కాదు. "కాగితం కత్తిరించారా దీంతో? చేతులు విరగ్గొడతాను!" అని సాక్షాత్తూ ఓనరు మీదికే లేచింది ఒకసారి.

అలాంటి మనిషికి పొద్దున్నే పళ్ళు తోముకునే ఓపిక కూడా లేకుండా పోయింది. వేళ్ళ కణుపులు వాచాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ళ మీద తిరగబడిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. మాత్రలతో అదుపులో పెట్టుకోవాలి తప్ప పూర్తిగా పోదన్నారు. "పోదట! ఎంత తేలిగ్గా అనేశాడో చూడు" అని అక్క దారంతా డాక్టర్ని తిట్టింది. ఓనరు మాత్రం మంచివాడే. వానాకాలం వెళ్ళేదాకా బల్ల ఇంకెవరికీ ఇవ్వనన్నాడు. కత్తెర మేకుకి అలాగే వేలాడుతోందని కబురు కూడా పంపాడు. ఇక అక్క ధ్యాసంతా దాని మీదే.

ఎవరో చెబితే నాడి చూసే వైద్యుడి దగ్గరికి వెళ్ళాం. ఆయన గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ప్రతి గురువారం రమ్మన్నాడు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని చూసి, కషాయానికి పొడులు పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ఆసుపత్రి మాత్రలు మానొద్దని మొదటి రోజే చెప్పాడు. ఆ మాట నేనూ విన్నాను.

ఇక మేం చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆ మూడంతస్తులూ ఎక్కడం కోసం అక్క సోమవారం నుంచే మంచం దిగేది కాదు. ఉన్న ఓపికంతా గురువారానికి దాచేది. ముద్దలు కూడా నేనే నోట్లో పెట్టేదాన్ని. గురువారం పొద్దున తల దువ్వి, ఇస్త్రీ బట్టలు కట్టించి, మొహానికి కాస్త పౌడరు రాసి బయల్దేరదీసేదాన్ని. "పెళ్ళిచూపులకా ఏంటి?" అనేవాడు బావ. మెట్ల మలుపులో కూర్చుని, ఆయాసం తగ్గాకే వైద్యుడి తలుపు తట్టేవాళ్ళం.

"మిగతా రోజుల్లో ఎలా ఉంటోందమ్మా?" అని ఆయన ప్రతిసారీ అడిగేవాడు.

"ఇలాగేనండీ, పనులన్నీ చేసుకుంటూనే ఉన్నాను" అనేది అక్క, బల్ల కింద నా కాలు తొక్కుతూ.

పాపం, ఆయన మొహం వెలిగిపోయేది. నాడి కుదుటపడుతోందని పుస్తకంలో రాసుకుని మోతాదు తగ్గించాడు. ఆ రాసింది చూసి అక్క ఇంటికొచ్చి ఆసుపత్రి మాత్రలు చెత్తబుట్టలో పడేసింది. నేను ఆపలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మాలనే అనిపించింది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక గురువారం అక్క మంచం మీంచి లేవలేకపోయింది. బావ వెళ్ళి బతిమాలితే, శనివారం మధ్యాహ్నం వైద్యుడే ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినగానే "దువ్వెన తేవే, తొందరగా" అంది అక్క. సిగ్గులేనిదాన్ని, పరుగెత్తుకెళ్ళి తెచ్చాను.

అప్పటికే ఆయన లోపలికి వచ్చేశాడు. మంచం పక్కన కూర్చుని నాడి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. తర్వాత వంకరపోయిన వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు.

"ఈ ఏడు నెలల్లో ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు తల్లీ. నేను వైద్యం చేసింది ఎవరికి?" అన్నాడు.

అక్క నవ్వింది. "ఆవిడ కోసమే నేనూ వెతుకుతున్నానండీ. కనబడితే ఓసారి మా ఇంటికి పంపండి."

ఆయన నవ్వలేదు. ఇంకో పొట్లమూ కట్టలేదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని బావకి చెప్పి వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆసుపత్రిలో మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. వేళ్ళు మాత్రం ఇక తిన్నగా కావన్నారు. నెల తిరక్కుండానే ఓనరు గుడ్డలో చుట్టిన కత్తెర పట్టుకుని ఇంటికి వచ్చాడు. "బల్ల వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వచ్చింది మాస్టరక్కా. ఇది మాత్రం మీదే" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆయన వెళ్ళాక అక్క కత్తెర పిడిలో బొటనవేలు దూర్చబోయింది. కణుపు దగ్గరే ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఆ తర్వాత కత్తెర నా ఒళ్ళో పెట్టింది.

"ఉంచుకోవే. కాగితాలు కత్తిరించుకో" అంది.