అవ్వకు చదివి వినిపించిన హత్య

ఆ పుస్తకం విరుదునగర్ బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికింది. ఇంగ్లీషు నుంచి తమిళంలోకి వచ్చిన హత్య కథ. ఒక చిన్న పల్లెటూళ్ళో డబ్బున్న ముసలావిడ చచ్చిపోతుంది. ఎవరు చంపారో కనిపెట్టేది పోలీసులు కాదు, పక్కింట్లో కోళ్ళు పెంచుకునే ఇంకో ముసలావిడ. నేను అప్పుడు విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు ఆఫీసులో పనిచేస్తూ, శనివారాలు రైల్లో కోవిల్‌పట్టికి వచ్చి, అక్కణ్ణుంచి మా ఊరికి పోయేదాన్ని.

మా అవ్వకు, అంటే నాన్న తల్లికి, కంటి ఆపరేషన్ అయింది. టీవీ చూడొద్దన్నారు. అందుకని పుస్తకం చదవడం మొదలుపెట్టాను. తమిళంలో చదివి, తరాలుగా తమిళనాట ఉంటున్న మా ఇంటి తెలుగులో చెప్పేదాన్ని. అలా చెప్పగా చెప్పగా ఇంగ్లండు బంగళా మా ఊరి దగ్గరి కడంబూరు జమీను బంగళా అయిపోయింది. చచ్చిపోయినావిడ మాకు తెలిసిన మనిషిలా అయింది.

ఒక శనివారం సాయంత్రం విషం సంగతి బయటపడింది. ఇంట్లోవాళ్ళే ఎవరో ఆమె మందులో రోజూ కొంచెం కలిపారు.

అవ్వ నన్ను ఆపింది. "దానికి చేతులు వణికెనా?"

"వణికినాయి అవ్వా."

"చెమట పట్టెనా?"

"ఆ."

వంటింట్లో అమ్మ చేట చప్పుడు ఆగింది.

మర్నాడు తమిళుల ఆడి నెల ఆదివారం, అమ్మవారి రోజు. అమ్మ ఒక్కపొద్దు. నాన్న పొలానికి పోయాడు. రోజూలాగే అమ్మ అవ్వకు చక్కెర జబ్బు మాత్ర, నీళ్ళు తెచ్చింది. అవ్వ మొహం తిప్పుకుంది.

"ఈ మాత్తిరై నాకు వొద్దు."

"ఏల అత్తా?"

"రంగు మారిపోయిండాది. మింగినంక ఒళ్ళంతా వణుకుతుండాది. నువ్వేమి మాత్తిరై ఇస్తుండావో నాకేమి తెలుసు?"

ఆపరేషన్ తర్వాత రంగులు వేరుగా కనిపిస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. అదే మాట అవ్వకు గుర్తుచేశాను.

"ఆపరేషన్ కంటికే, ఒంటికి కాదు," అంది అవ్వ.

అమ్మ అరవలేదు. ఆమె మొహంలో నెత్తురు లేకుండా పోయింది. "నేను నిన్ను చంపుతుండానా? ఇన్ని ఏండ్లు గంజి పోసిన చేత్తోనా?" అంటూ, నేను లేచేలోపలే ఆ మాత్ర తన నోట్లో వేసుకుని నీళ్ళు తాగేసింది. "విసమైతే నేనే చస్తాను. చూడు."

ఆ తర్వాత అమ్మ వెనక వాకిట్లో గిన్నెలు విసిరి విసిరి తోముతోంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నానే గాని తెరవలేదు. ఎండ బాగా ఎక్కాక గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

వెళ్ళి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని ఉంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది. పెదాలు వణుకుతున్నాయి. ఏదో చెప్పబోయింది, మాట ముద్దగా వచ్చింది. నిజంగానే విషం అనుకున్నాను. అంతేకాదు, ఆ క్షణంలో నా బుద్ధి 'ఎవరు' అని వెతికింది. మాత్రలు కొని తెచ్చేది నాన్న. ఆ ఆలోచన నా మనసులో ఎంతసేపు నిలిచిందో తెలియదు గాని, నిలిచింది.

నల్లద్దాలతో, గోడ తడుముకుంటూ అవ్వ వచ్చింది. అమ్మ మెడ మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇది నాకు పట్టే వణుకే. నా దిండు కింద బెల్లం ఉండాది, తేవే! బిరీన!"

దిండు కింద గుడ్డలో తాటిబెల్లం దొరికింది. వణుకు వచ్చినప్పుడల్లా ఒక ముక్క చప్పరిస్తే తగ్గుతోందని, ఎవరికీ చెప్పకుండా దాచుకుందట. అవ్వ అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, బెల్లం నలిపి పెదాల లోపల రుద్దింది. "మింగు, తల్లీ, మింగు," అంటూనే ఉంది. నేను ఆటోకు ఫోన్ చేశాను.

కోవిల్‌పట్టి ఆసుపత్రిలో అమ్మకు గ్లూకోజు ఎక్కించారు. డాక్టరు మాత్రల అట్ట తిప్పి చూశాడు. పేరు అవ్వ వాడేదే. కాని మందు మోతాదు చాలా ఎక్కువ. మందుల షాపులో మార్చి ఇచ్చారు. నాన్న మందు పేరు మాత్రం చూసి తెచ్చాడు, ఆయన తెచ్చింది అమ్మ ఇచ్చింది. ఒక్కపొద్దు కడుపున మింగడంతో అమ్మకు చక్కెర ఒక్కసారిగా పడిపోయింది. పెద్దామె ఇంకా మింగుతూ పోయి ఉంటే ఏదో ఒక రోజు నిద్రలోనే పోయేదన్నాడు.

సాయంత్రం దాకా అవ్వ అమ్మ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఇంటికి పొమ్మన్నా పోలేదు.

అమ్మ కళ్ళు మూసుకునే అంది. "విసం పెట్టినానంటివి కదా అత్తా."

"అంటిని. నాకు తిండీ మాత్తిరై ఇచ్చేది నువ్వొక్కదానివే. ఇంకెవర్ని అనేది?"

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటే ఉండి, "అవ్వకు ఇడ్లీ కొనుక్కురా, ఆకలికి తాళలేదు," అని నాతో చెప్పింది.

ఆ తర్వాత చాలా కాలం అమ్మ మాత్ర చేతికిచ్చేది కాదు. అట్ట తెచ్చి అవ్వ ముందు పెట్టేది, అవ్వే నొక్కి తీసుకునేది. షాపువాడు తప్పు ఒప్పుకుని మాత్రలు మార్చి ఇచ్చాడు. ఆ రోజు నాన్న గురించి నాకొచ్చిన ఆలోచన నేను ఎవరికీ చెప్పలేదు.

మిగిలిన కథ చదువుతానంటే అవ్వ సరేనంది. ఈసారి అమ్మ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. కొంచెం విన్నాక అడిగింది. "ఆ కోళ్ళ ముసల్ది ఎవరి మీదన్నా ఉత్తనే నింద వేసెనా?"

"లేదమ్మా," అన్నాను.

"అది కత," అంది అవ్వ.

అమ్మ లేచి పోలేదు. నేను చదువుతూ పోయాను.