ఊరికే చేసే పని

ఆ రోజుల్లో, లోకానికి మేలు చేస్తే లోకం గుర్తుపెట్టుకుంటుందని నాకొక నమ్మకం ఉండేది. ఆ వయసులో కొందరికి మొటిమలు వస్తాయి, నాకు ఇది వచ్చింది. కృష్ణపట్నం దగ్గర ఒక కరెంటు ప్లాంటులో నీళ్లు పరీక్షించే ఉద్యోగం చేస్తూ, మిగిలిన సమయమంతా ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ధారపోసేవాణ్ణి. నీటి వేడి, ఉప్పదనం, పీహెచ్ చెబితే అందులోని అమ్మోనియా ఎంత విషమో లెక్కగట్టే ప్రోగ్రాం అది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. బాగుచేసేవాళ్లం ప్రపంచం మొత్తానికి అయిదారుగురం, వాడుకునేవాళ్లు లెక్కలేనంతమంది. ఒకరు చేసిన మార్పును మరో ఇద్దరు చూసి సరేనంటేనే అది అందరికీ వెళ్లాలని మాకొక ఆచారం. (జీతం ఎలాగూ లేదు, ఆచారాలైనా ఉండాలి కదా!)

విడవలూరులో రొయ్యల చెరువులున్న మా బావకు, అంటే మా అక్క భర్తకు, ఈ పని ఎంత చెప్పినా తలకెక్కలేదు. "ఎవురు జేయమన్నారు నిన్ను?" అనేవాడు. ఎవరూ అనలేదు బావా, ఊరికే చేస్తామంటే, "ఊరికినే చేసే పనికి కండ్లు పోగొట్టుకుంటా ఉండావే!" అని నవ్వేవాడు. ఆయన మాత్రం డబ్బు కట్టి ఒక కంపెనీ యాప్ వాడేవాడు. దాని కడుపులో ఉన్నది మా ప్రోగ్రామే. ఆ మాట చెబితే, "అంత పెద్ద కంపెనీ నీ దగ్గర తీసుకునిందా? సరేలే" అని అక్క వైపు చూసి కన్నుకొట్టాడు.

ఒక ఎండాకాలం సెలవు రోజు మధ్యాహ్నం ఇద్దరం చెరువు గట్టు మీద ఉన్నాం. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేను బావ పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యలు మత్తుగా కదులుతున్నాయి. నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు కొన్నే తిరుగుతున్నాయి. యాప్ మాత్రం పచ్చరంగులో 'నీరు క్షేమం' అంటోంది. అంకె చూశాను, అంత ఎండలో అమ్మోనియా విషం అంత తక్కువ ఉండే వీల్లేదు. "బావా, ఇది తప్పు. ఏరేటర్లన్నీ వేయించు, నీళ్లు మార్పించు" అన్నాను. "కాలవ నీళ్లు పెడితే జబ్బు తగులుకోదా? వాళ్లు బాగుండాదంటా ఉంటే మధ్యలో నువ్వేంది?" అని కసిరి, అయినా మనసు ఆగక కంపెనీకి ఫోన్ చేశాడు. "మా సైంటిస్టులకు చెబుతాం సార్" అన్నారు వాళ్లు.

కాసేపటికి ఆ సైంటిస్టు ఫోన్ మోగింది. అంటే నాదే. మా బృందం పేజీలో కంపెనీ పెట్టిన సందేశం: "మా విలువైన రైతుకు ఇబ్బంది కలిగింది. అత్యవసరం. వెంటనే సరిచేయండి." దయచేసి అన్న ముక్క కూడా లేదు. విలువైన రైతు నా పక్కనే నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

వెతికితే తప్పు దొరికింది. చలిదేశపు మిత్రుడొకడు, నీళ్లు ముప్పై డిగ్రీలు దాటడమేమిటి, ఎవరో ఫారెన్‌హీట్‌లో కొట్టి ఉంటారనుకుని, దాన్ని సెంటీగ్రేడుకు మార్చేసే కోడు వరుస ఒకటి ప్రోగ్రాంలో చేర్చాడు. చూసి సరేనన్న ఇద్దరూ మంచు కురిసే ఊళ్లవాళ్లే. ముప్పై మూడు డిగ్రీల్లో ఉడుకుతున్న మా చెరువు ప్రోగ్రాం లెక్కలో మంచునీళ్లయిపోయింది. అంత చల్లటి నీళ్లలో అమ్మోనియాకు విషం తక్కువ, అందుకే ఆ పచ్చరంగు. నేను ఆ వరుస తీసేశాను. కానీ సరేననాల్సినవాళ్లు వాళ్ల దేశాల్లో నిద్రపోతున్నారు. సిగ్గు విడిచి ఫోన్లు చేసి లేపాను. ఒకాయన తిట్టి మరీ సరేనన్నాడు.

కంపెనీ దాన్ని యాప్‌లో పెట్టగానే బావ ఫోన్ ఎర్రబడింది. "ఏరేటర్లన్నీ వేయండ్రా! తూము ఎత్తండ్రా!" అంటూ పరుగెత్తాడు. పంట దక్కింది.

ఇంటికొచ్చి అక్కతో అన్నాడు: "కంపెనీ అంటే అట్టుండాల! ఫోన్ జేసిన పూటకే సరిజేసినారు. మీ తమ్ముడూ ఉండాడు, రొయ్యలు చస్తా ఉంటే గట్టు మీద కూర్చోని ఫోన్ నొక్కుకుంటా!" నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పబోయాను. "అన్నం తినరా, మాట్లాడింది చాలు" అంది అక్క.

చెరువులో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున బావ కృతజ్ఞతగా ఆ కంపెనీ ఆఫీసుకు పెద్ద రొయ్యలు ఏరి పంపించాడు. "నీకెట్టాగూ పనేం లేదు గదా బామ్మర్దీ" అని ప్యాకింగ్ నాకు అప్పగించాడు. ఇప్పటికీ అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలుచుకుంటే ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది. దారిలో పాడవుతాయేమోనని, పెట్టెలో ఐసు ఇంకాస్త ఎక్కువే వేశాడు వెర్రివాడు.