కొండదారిలో పోయిన ఏడో మనిషి

ఊరందరికీ ఆయన గాడిదల తాత. అసలు పేరేమిటని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. యుద్ధంలో సాయానికని పొరుగు దేశం నుంచి వచ్చి, ఇక్కడి మనిషిని పెళ్లాడి ఉండిపోయాడు. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్క గది, ఒక్క కుర్చీ. పలకరించే దిక్కు లేక రేడియోతోనే పోట్లాడేవాడు. అది మాత్రం ఏం చేస్తుంది పాపం, దాని గోల దానిది.

ఏటా యుద్ధం గెలిచిన రోజున కూడలిలోని రాతిస్తంభం దగ్గర దండలు వేసి, ఉపన్యాసాలు దంచేవారు. కొండమీద ప్రాణాలిచ్చిన సిపాయిల పేర్లన్నీ ఆ రాతి మీద ఉన్నాయి. బాగానే ఉంది. మరి వాళ్ల తుపాకులకు గుళ్లూ, కడుపుకి తిండీ ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? కంచరగాడిదల మీద మూటలు కట్టి, మంచులో, ఇరుకు కొండదారిలో తోలుకెళ్లింది తాతా, ఆయన దేశంవాళ్లూను. వాళ్లలో ఏడుగురు ఆ దారిలోనే పోయారు. రాతి మీద వాళ్ల ఊసే లేదు. దస్త్రాల్లో వాళ్లను జంతువుల విభాగంలో వేశారు మరి! గాడిదకు నంబరుంది, తోలేవాడికి అదీ లేదు.

ఈ ఏడు ఎవరికో బుద్ధి పుట్టింది. మిత్రదేశం వాళ్లకూ ఒక పలక పెడతామనీ, పోయినవాళ్ల పేర్లు తెలిస్తే శుక్రవారంలోగా చెప్పమనీ పురపాలక ఆఫీసు గోడకు కాగితం అంటించారు. తాత చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లాడు.

"చెప్పండి తాతగారూ," అంది అక్కడి గుమాస్తా అమ్మాయి.

ఆరు పేర్లు గడగడా చెప్పాడు. ఏడోదానికి వేలైతే మడిచాడు గానీ పేరు రాలేదు.

"పద్నాలుగు," అన్నాడు చివరికి.

"వయసాండీ?"

"గాడిద నంబరమ్మా. మా పేర్లు ఆఫీసర్లకి నోరు తిరిగేవి కావు. తోలే గాడిద నంబరుతోనే పిలిచేవాళ్లు. మేమూ వెర్రిమొహాలం, ఒకళ్లనొకళ్లం అలాగే పిలుచుకున్నాం. ఆ ఆరుగురూ మా ఊరివాళ్లు కాబట్టి పేర్లు తెలుసు. వీడు ఇక్కడికొచ్చాక కలిశాడు. రెండేళ్లు ఒకే దుప్పట్లో పడుకున్నాం. ఓ రోజు నా గాడిద కాలుజారి లోయలోకి పోతుంటే, తాడు నా చేతికి చుట్టుకుంది. వీడు తాడు కోసి నన్ను వెనక్కి తోశాడు. ఆ ఊపులో వాడే పోయాడు. 'ఒరే పద్నాలుగూ' అని అరిచానమ్మా. రెండేళ్లలో ఒక్కసారి, ఒక్కసారన్నా పేరేంట్రా అని అడగలేదు."

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. "పేరు లేకపోతే ఎక్కించరండీ. నంబరు చెక్కిస్తే జనం నవ్వుతారు. ఆరుగురితో సరిపెట్టమంటారా?"

"సరిపెట్టడానికి వాడేమన్నా కొసరా?" అని కసిరాడు తాత. కసిరాక ఆయనకే సిగ్గేసింది. ఈ పిల్ల ఏం చేసిందని! నలభై ఏళ్లుగా ఆ ఒక్కడి కోసం కుమిలిపోతూనే ఉన్నాడు. ఇప్పుడు కూడా వాణ్ని ఆ దారిలోనే వదిలేసి ఇంటికెళ్లడం ఆయనవల్ల కాలేదు.

"రాసుకో," అన్నాడు. ఒక పేరు చెప్పాడు. ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టిన ఊరు, ఏదీ తడుముకోలేదు.

"హమ్మయ్య, గుర్తొచ్చిందన్నమాట!" తలెత్తకుండా రాసేసిందా అమ్మాయి.

"ఎవరూ వాడక ఓ మూల పడుందిలే. మా ఆవిడ పోయాక ఆ పేరు పలికినవాళ్లు లేరు."

ఆమె కాగితం తిప్పింది. "ఇక్కడ సమాచారం ఇచ్చినవాళ్ల సంతకం కావాలి. మీ పేరు రాయండి."

తాత కలం అందుకున్నాడు. కాసేపు పట్టుకుని, తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"వేలిముద్ర వేస్తానమ్మా."

"రాయడం రాదాండీ?"

"వచ్చు. రాయడానికే ఏం మిగల్లేదు."

అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. కాగితం మళ్లీ ఇటు తిప్పి, చనిపోయినవాళ్ల జాబితాలో ఏడో పేరు చూసింది. కొట్టెయ్యలేదు. కళ్లు తుడుచుకుని, సిరాపెట్టె మూత తీసి ఆయన ముందుకు జరిపింది.