చెవిన పెట్టను

చిన్నప్పటి నుంచీ నా మీద ఇంటా బయటా ఉన్న ఫిర్యాదు ఒక్కటే, ఎవరి మాటా చెవిన పెట్టనని. మొదట అమ్మ అనేది. తర్వాత బడిలో అన్నారు. పెళ్ళయ్యాక ఆ మాటను అత్తమ్మ అందుకుంది. అలాంటిదాన్ని జీవితంలో ఒకే ఒక్కసారి, మా ఆయన చెప్పినట్టే, చెప్పిన చోటే, బుద్ధిగా చెవి పెట్టాను. ఆ చెవే పాడైంది.

పాడైందంటే బొత్తిగా వినిపించకుండా పోలేదు. సన్నటి మాటలు అందవు గానీ, అక్కర్లేనిది మాత్రం ఆగకుండా వినిపిస్తుంది. కుడి చెవిలో సుయ్‌మని ఒక చప్పుడు. కుక్కర్ కూత వేసే ముందు ఆవిరి సన్నగా లేస్తుంది చూడండి, అచ్చం అదే. కూత మాత్రం ఎంతకీ రాదు. పొద్దున కళ్ళు తెరిచేసరికి అది నాకంటే ముందే లేచి కూర్చుని ఉంటుంది.

మాది టేకులపల్లి దాటాక అడవి అంచున ఒక ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని, మా ఆయన వ్యవసాయం చేస్తాడు. మా చేను చివరి గట్టు దాటితే టేకు చెట్లు, వాటి వెనక అంతా అడవే. ఇదివరకు అడవి పందుల బాధ ఉండేది. ఇప్పుడు కోతులు. పంది వేళ చూసుకుని వస్తుంది. కోతికి వేళాపాళా లేదు. మొక్కజొన్న పాలు పోసుకునే రోజుల్లో ఒక మంద చేలో దిగిందంటే తినేది తక్కువ, విరిచి పారేసేది ఎక్కువ. డబ్బాలు కొట్టాం. పాత చీరలు కట్టాం. పులి బొమ్మ తెచ్చి మంచె పక్కన పెట్టాం. ఆ పులి నెత్తిన కోతి కూర్చుని తీరిగ్గా కంకి ఒలుచుకు తింటుంటే నా కళ్ళతో నేను చూశాను.

చివరికి అందరిలాగే మేమూ పైపు తుపాకి కొన్నాం. పేరుకే తుపాకి. ప్లాస్టిక్ పైపు, వెనక గ్యాస్ లైటర్, అంతే. లోపల కార్బైడ్ ముక్క వేసి నీళ్ళు చిలకరిస్తే గ్యాస్ పుడుతుంది, లైటర్ నొక్కితే బాంబు పేలినట్టు మోగుతుంది. అయితే గ్యాస్ చాలినంత పుట్టిందో లేదో కంటికి కనబడదు. దానికి మా వైపు అందరూ చేసే పని ఒకటే. పైపుకు చెవి పెట్టి వింటారు. లోపల కార్బైడ్ సుయ్‌మంటూ ఉంటుంది, ఆ సుయ్ సన్నబడ్డాక నొక్కుతారు. తొందరపడితే తుస్సుమంటుంది, కోతులు నవ్వుకుంటాయి. సంతలో అమ్మినతను అలాగే చెవి పెట్టి చూపించాడు. మా ఆయన అతని దగ్గర నేర్చుకుని నాకు నేర్పాడు.

ఆ రోజు ఆదివారం, నాకు సెలవు. కింది మడిలో వరికి యూరియా కోసం మా ఆయన సొసైటీ దగ్గర లైన్లో ఉన్నాడు. నిలబడలేక చెప్పులు లైన్లో పెట్టి నీడన కూర్చునే రోజులవి. నేను చేలో ఉన్నాను. టేకు చెట్ల మీంచి మంద దిగింది. పైపు నింపి నొక్కాను. పేలలేదు. మళ్ళీ నొక్కాను. పేలలేదు. కార్బైడ్ అయిపోయిందేమో చూద్దామని వంగి చెవి పెట్టాను. సుయ్‌మంటూనే ఉంది. అంతలో ఒక పెద్ద కోతి గట్టు దాటి నా పక్కనే దూకింది. ఉలిక్కిపడ్డాను. బొటనవేలు ఇంకా లైటర్ మీదే ఉంది.

లోకం ఒక్కసారిగా నోరు మూసుకుంది. కోతులు చెట్లెక్కి పోవడం కనిపించింది, వాటి అరుపులు వినిపించలేదు. కాసేపటికి సుయ్‌మనడం మొదలైంది. పైపు ఇంకా ఉడుకుతోందనుకుని అందులో నీళ్ళు ఒంపేశాను. ఆగలేదు. పైపును గట్టు అవతలికి విసిరేశాను. ఆగలేదు. అరచేత్తో చెవి గట్టిగా మూసుకున్నాను. ఇంకా పెద్దగా వినిపించింది. అప్పుడు భయమేసింది. చేలో ఒంటరిగా కూర్చుని ఏడ్చాను.

అత్తమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. వారాలు గడిచినా సర్దుకోకపోయేసరికి ఖమ్మం వెళ్ళాం. అక్కడ దవాఖానాలో నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలట. నాకు వినిపిస్తూనే ఉంది, నొక్కుతూనే ఉన్నాను. అదే బొటనవేలు. బయట కూర్చున్న అమ్మాయి తలుపు తీసి, మేడమ్, మేము చప్పుడు పెట్టకముందే నొక్కుతున్నారేంటి అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

డాక్టరమ్మ దీన్ని టిన్నిటస్ అంటారని చెప్పింది. లోపలి నరం దెబ్బతింది, పూర్తిగా తీసేసే మందు లేదు, కాలం గడిచేకొద్దీ అలవాటు పడతారు అంది. నిశ్శబ్దంగా ఉన్నచోట కూర్చోవద్దు, ఫ్యానో రేడియోనో పెట్టుకోవాలి, దాని మీద ధ్యాస పెట్టకూడదు అని కూడా చెప్పింది. అన్నీ చెప్పి, కాగితం మీద రాస్తూ తల ఎత్తకుండా ఒక మాట అడిగింది.

"ఇన్ని రోజులు ఎందుకు ఆగారమ్మా? మొదట్లోనే వస్తే మందులు పనిచేసేవేమో."

ఆ 'ఏమో' నన్ను పట్టుకుని బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది. ఇక అక్కడ నుంచి నా బతుకంతా 'ఉంటే'లే. ఆదివారం కాకుండా ఉంటే. యూరియా ముందురోజే దొరికి ఉంటే. చెవి పెట్టేముందు వేలు తీసి ఉంటే. వెల్లుల్లి నూనె పోసుకునే బదులు బస్సెక్కి ఉంటే. అంగన్‌వాడీలో ఫోన్లో పిల్లల హాజరు నొక్కుతూ ఆ వేలి వంక చూసి తిట్టుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ సుయ్ సుయ్‌లా వినిపించడం మానేసింది. ఎందుకు పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడుగుతున్నట్టే ఉండేది.

అది చాలక మనుషులు కూడా అదే అడిగారు. పాల్వంచ నుంచి మా అక్క ఫోన్ చేసింది. బావ పవర్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు, అక్కడ చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారట. అంత సదువుకున్నదానివి, పైపుకు చెవి ఎట్ల పెట్టినవ్, నీ చేతులార చేసుకున్నవ్ కదా అంది. మా చేనుకు ప్లగ్గులిచ్చే ఆఫీసరు ఎవరో చెప్పు, వెళ్ళి తెచ్చుకుంటాను అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక ఏడ్చాను. అక్క మీద కోపంతో కాదు. ఆమె అన్నది లోలోపల నేనూ నమ్ముతున్నాను కాబట్టి.

మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. అసలు మాటలే మానేశాడు. ఇంట్లో గిన్నె చప్పుడు కాకుండా తిరిగేవాడు. టీవీ బంద్. అత్తమ్మ దగ్గినా ఊరుకోమని సైగ చేసేవాడు. నా చెవికి మోత తగలకూడదని అతని బాధ. డాక్టరమ్మ గదిలో నాకు చెప్పింది దానికి సరిగ్గా ఉల్టా, బయట కూర్చున్న అతనికి అది తెలియదు. ఇల్లు ఎంత మూగబోతే నా చెవి అంత మోగేది. ఫ్యాన్ వేస్తే వెళ్ళి తగ్గించేవాడు. చెబుదామనుకున్నా ఆ ముఖం చూసి మానుకునేదాన్ని. ఇద్దరం చెరో మూల కూర్చుని, తప్పు నాదంటే నాదని ఎవరికి వారు మోస్తున్నాం.

కంకులు విరిచి, అమ్మకం అయ్యాక, ఒక మధ్యాహ్నం నేను అంగన్‌వాడీ మూసి చేను మీదుగా వస్తుంటే గట్టు మీద ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలుస్తున్నారు. మా ఆయన పక్కనే నిలబడ్డాడు. ఎవరని అడిగితే జామాయిల్ మొక్కలు ఇచ్చేవాళ్ళట. కాగితం మిల్లుకు పోయే కర్ర. బూర్గంపాడు వైపు వెళ్తే దారి పొడవునా అవే తోటలు. జామాయిల్‌ను కోతి ముట్టదు, కావలి అక్కర్లేదు. ఒకసారి నాటితే మళ్ళీ నరికేదాకా చేనువైపు చూడాల్సిన పని లేదు. అన్నీ నిజాలే. నాతో మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

వాళ్ళు అవతలి మూలకు వెళ్ళేదాకా ఆగి, ఎందుకని అడిగాను. అతను నేల చూస్తూ చెప్పాడు. నేను ఎడమ చెవి అతని వైపు తిప్పాను.

"నీ చెవి తీసుకున్న చేను నాకొద్దు. చెవి పెట్టి ఇనుమని నీకు నేర్పింది నేనే. రోజు ఈ గట్టు మీదకొచ్చి గదే మతికి తెచ్చుకునుడు నాతోని కాదు."

జాలి పడాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ లోపల నన్ను నేను తిట్టుకున్నదంతా దారి మళ్ళి బయటికి వచ్చింది. అతని మీదికి కాదు, నా మీదికీ కాదు. ఆ 'ఎందుకు పెట్టావు' అనే ప్రశ్న మీదికి.

"ఎందుకు పెట్టినవ్ అని అందరు అడుగుతున్నరు. నేను చెప్త, ఇను. చేను దక్కించుకుందామని పెట్టిన. నువ్వు నేర్పినవ్, నేను నేర్సుకున్న, ఊరంత గట్లనే చేస్తున్నరు. దాంట్ల నీ తప్పేంది, నా తప్పేంది? ఆ పొద్దు కోతులు పోయినయ్. కంకులు దక్కినయ్. ఇప్పుడు నువ్వు ఈ చేనునే జామాయిల్ చేస్తే నా చెవి ఎందుకు పోయినట్టు?"

అతను తల ఎత్తి చూశాడు. నేను ఆగలేదు. ఇంట్లో టీవీ పెట్టు, ఫ్యాన్ వెయ్యి, నాతో కొట్లాడు, నువ్వు నోరు మూసుకుంటే నా చెవి మోగి చస్తున్నాను అని అరిచాను. టేపు పట్టుకున్నవాళ్ళు అవతలి మూల నుంచి తిరిగి చూశారు. మా ఆయన వాళ్ళ దగ్గరికి నడిచి ఏదో చెప్పాడు. వాళ్ళు టేపు చుట్టుకుని బండి ఎక్కి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంట్లో టీవీ ఎంత పెద్దగా పెట్టాడంటే పక్కింటివాళ్ళు వచ్చి తగ్గించమన్నారు.

దాంతో నా చెవి బాగైందని చెప్పను. బాగవలేదు. కొన్ని రోజులు మరీ పెట్రేగిపోతుంది, అప్పుడు ఎవరు మాట్లాడినా కసురుకుంటాను. అంగన్‌వాడీలో పిల్లలు గోల చేస్తుంటే మాత్రం అది ఎక్కడికి పోతుందో పోతుంది. వాళ్ళు సగం వాళ్ళ గూడెం భాషలో, సగం తెలుగులో అరుస్తుంటారు. ఇదివరకు ఊరుకోండని బెదిరించేదాన్ని, ఇప్పుడు ఇంకో పాట పాడమంటున్నాను. ఇంట్లో రేడియో మోగుతూనే ఉంటుంది. ఎవరైనా జాలిగా తల వంచి, అయ్యో ఎందుకు పెట్టినవమ్మా అంటే, మొక్కజొన్న కోసం అని చెబుతాను. అంతకు మించి జవాబు వాళ్ళకు బాకీ లేను.

ఊళ్ళో పైపు తుపాకి ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళాను. దానికి చెవి పెట్టొద్దని, అసలు దాన్నే పారేయమని చెప్పాను. నా తప్పు చూసి బుద్ధి తెచ్చుకోండని చెప్పలేదు. అది పాడు వస్తువని చెప్పాను. కొందరు విన్నారు, కొందరు వినలేదు. వినిపించేదాకా మళ్ళీ వెళ్తాను, ఎలాగూ గొంతు పెరిగింది.

యాసంగికి మళ్ళీ మొక్కజొన్నే వేశాం. పైపును మా ఆయన పగలగొట్టి పారేశాడు. నేను అత్తమ్మ దగ్గర ఒడిసెల విసరడం నేర్చుకున్నాను. ఆమె చిన్నప్పుడు జొన్న చేలల్లో పిట్టలు తోలిందట, తాడు మధ్య రాయి పెట్టి తిప్పి వదిలితే ఈ వయసులో కూడా గట్టు దాటిస్తుంది. నా రాళ్ళు చాలాసార్లు వెనక్కి పోతాయి. కానీ నా అరుపు మాత్రం టేకు చెట్లదాకా పోతుంది. మంచె మీద ఎడమ చెవి అడవి వైపు ఉండేట్టు కూర్చుంటాను. కొమ్మ కదిలితే ఆ చెవి పట్టేస్తుంది. మోగే చెవి ఊరివైపు ఉంటుంది.

మొన్న ఆదివారం అలాగే కూర్చుని ఉన్నాను. కంకులు పాల మీదున్నాయి. కుడివైపు నుంచి అత్తమ్మ సద్ది తీసుకుని వస్తూ దూరం నుంచే పిలిచిందట. నాకు అందలేదు. పిలిచి పిలిచి, మంచె కిందికి వచ్చి, ఆయాసపడుతూ పాత అలవాటు కొద్దీ అనేసింది.

"ఎవ్వరి మాట చెవిన పెట్టదు గదా ఇది."

అని, నాలుక కరుచుకుంది. చెవి పాడైనప్పటి నుంచి ఆమె ఆ మాటను పాపం జాగ్రత్తగా దాచిపెట్టింది. ఇప్పుడు సద్ది గిన్నె పట్టుకుని, నేను ఏడుస్తానేమోనని నా ముఖం వంక చూస్తోంది. లోపల అదేమో సుయ్‌మంటూ ఎందుకు పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడుగుతూనే ఉంది. నాకు నవ్వాగలేదు. మంచె దిగి ఆమె చేతిలో గిన్నె అందుకున్నాను.

"అవ్ అత్తమ్మా," అన్నాను. "చెవిన పెట్ట."